తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్టడ్‌లు, బుషింగులు, నాబ్‌లు: గిటార్ పాలిష్ పెచ్చులూడకుండా తీయడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి పడున్న లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ మోడల్) తరహా నల్ల గిటార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. బ్రిడ్జ్ (తీగలు ఆనుకునే వంతెన), టెయిల్‌పీస్ (తీగల కొనలు పట్టి ఉంచే కడ్డీ), మెషిన్ హెడ్స్ (శ్రుతి చేసే బిరడాలు) మార్చాలి. టెయిల్‌పీస్‌ని పట్టి ఉంచే లావు మరమేకు, అంటే స్టడ్, ఒకటి అసలు తిరగట్లేదు. కొత్త స్టడ్‌లు పాత బుషింగుల్లో (స్టడ్ బిగుసుకునే లోహపు గొట్టాల్లో) పట్టట్లేదు కాబట్టి చెక్కలో దిగి ఉన్న ఆ బుషింగులు కూడా తీయాలి. ఒక వాల్యూమ్ నాబ్ కదలట్లేదు, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాట్ల పట్టీ, బోల్టు నట్టు కాదు) కూడా మార్చాలి. షాపులో అడిగితే డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొట్టి ప్లయర్‌తో లాగెయ్యమన్నారు. పాలిష్ మీద గీత పడకుండా ఎలా?

ముందు ఆ డబ్బా పక్కన పెట్టండి. స్ప్రే కొడితే అది మర సందులోకి వెళ్లేది కాస్త, చుట్టూ ఉన్న చెక్కలోకి ఇంకేది ఎక్కువ. చెక్కలోకి ఒకసారి నూనె దిగిందంటే రేపు అక్కడ జిగురు పట్టదు, పెచ్చు ఊడిన చోట లక్కర్ (పాలిష్ పూత) వేసినా సరిగ్గా నిలవదు. ఇనుప గేటు బోల్టుకి పనికొచ్చే వైద్యం గిటార్‌కి పనికిరాదు. ప్లయర్ సంగతి సరే సరి, అది జారిన మరుక్షణం నల్ల పాలిష్ మీద జీవితకాలం గుర్తు మిగులుతుంది.

పాలిష్ ఎందుకు ఊడుతుందో తెలిస్తే మిగతా పనంతా దానంతట అదే అర్థమవుతుంది. చాలామంది బలం ఎక్కువ పెట్టడం వల్ల ఊడిందనుకుంటారు. అసలు కారణం అది కాదు. లోహానికీ చెక్కకీ మధ్య ఉన్న సన్నటి గీత మీద పాలిష్ రెండింటినీ పట్టుకుని కూర్చుంటుంది. కొత్తగా రంగు వేసిన కిటికీ తలుపు ఫ్రేముకి అంటుకుపోతుంది చూడండి, అదే ఇది. తలుపు లాగితే ఫ్రేము రంగు కూడా లేచి వస్తుంది. ముందు బ్లేడుతో ఆ సందు కోసేస్తే రాదు. గిటార్‌లో ప్రతి భాగానికీ చేయాల్సింది ఇంతే. ముందు పాలిష్‌ని భాగం నుంచి విడదీయాలి. తర్వాత భాగాన్ని అది లోపలికి వెళ్లిన దారిలోనే, నిట్టనిలువుగా బయటికి రప్పించాలి. పక్కకి వంచడం, ఎత్తడం, ఊపడం ఏదీ వద్దు.

మీ గిటార్ మీద ఉన్నది ఏ రకం పాలిష్ అన్నది కూడా చూడండి. ఆసియాలో తయారైన లెస్ పాల్ తరహా గిటార్లలో ఎక్కువ వాటికి పాలియెస్టర్ లేదా పాలియురేథేన్ ఉంటుంది. ఇది మందంగా, గట్టిగా, పెళుసుగా ఉంటుంది. థిన్నర్‌కి లొంగదు గానీ అంచు దగ్గర ఒత్తిడి పడితే పెచ్చుగా లేస్తుంది. అమెరికాలో తయారయ్యే గిబ్సన్ గిటార్ల మీద నైట్రోసెల్యులోజ్ లక్కర్ వేస్తారు. అది పలచగా ఉంటుంది. పెద్ద పెచ్చులు తక్కువే, కానీ వేడికి మెత్తబడుతుంది, థిన్నర్, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. అనుమానం ఉంటే వెనకవైపు ప్లాస్టిక్ మూత తీసి, లోపల క్యావిటీలో (వైర్లు ఉండే గుంటలో) పాలిష్ తుంపర పడిన చోట ఇయర్ బడ్‌తో ఒక్క చుక్క అసిటోన్ అద్దండి. జిగటగా మారితే నైట్రో. ఏమీ కాకపోతే పాలీ. పైన కనిపించే చోట మాత్రం ఈ పరీక్ష చేయకండి. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా చాలావరకు అసిటోనే, దాన్ని శుభ్రం చేయడానికి వాడొద్దు. జిడ్డు, పాత టేపు జిగురు తీయాలంటే లైటర్ ఫ్లూయిడ్ మెత్తటి బట్ట మీద వేసి తుడవండి, చాలు. అది నాఫ్తా, ఆరిన నైట్రోకీ పాలీకీ హాని చేయదు. పని చేసేటప్పుడు దగ్గర్లో మంట, వేడి సోల్డరింగ్ ఐరన్ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

మామూలు మాస్కింగ్ టేపు గురించి కూడా ఒక మాట. గిటార్ పాలీ అయితే పర్వాలేదు. నైట్రో అయితే, అందులోనూ పాతదైతే, టేపుతో పాటు లక్కర్ లేచి రావచ్చు. టేపుని ముందు మీ ప్యాంటుకి రెండు మూడు సార్లు అంటించి తీసి, జిగురు చచ్చాక వాడండి. పని అవగానే తీసేయండి, రాత్రంతా ఉంచకండి.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఆ కదలని స్టడ్.

తీగలన్నీ పూర్తిగా వదులు చేసి తీసేయండి. టెయిల్‌పీస్ పక్కన పెట్టండి. తీగల బిగువు మీద ఉండగా స్టడ్‌ని తిప్పబోతే మరలు ఒక పక్కకి ఒరుసుకుని ఇంకా బిగుస్తాయి. పికప్‌ల (తీగల కింద ఉండే అయస్కాంత భాగాల) మీద, స్టడ్ చుట్టూ మందపాటి బట్ట పరవండి. బట్ట మధ్యలో స్టడ్ తల మాత్రం కనపడేలా చిన్న కన్నం ఉంటే మంచిది.

స్టడ్ తల మీద ఉండే గాడి వెడల్పుగా, లోతుగా ఉంటుంది. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ మొన అందులో వదులుగా ఆడుతుంది. అదే ప్రమాదం. గాడి నిండా పట్టే వెడల్పు మొన కావాలి. దొరక్కపోతే పాత పెద్ద స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో అరగదీసి గాడికి సరిపడేలా చేసుకోండి. మొన గాడిలో పెట్టి చేయి వదిలేస్తే నిటారుగా నిలబడాలి, అలా కుదిరిందంటే సరిపోయినట్టే. కొన్ని స్టడ్‌లు ఉక్కువి కాదు, జింక్ మిశ్రమంతో పోత పోసినవి, వాటి తల పెళుసుగా ఉంటుంది. సరిపోని మొనతో బలంగా తిప్పితే గాడి అంచు విరుగుతుంది, ఆ తర్వాత పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి తిప్పు విప్పే వైపు కాదు, బిగించే వైపు. నిజంగానే. ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పితే తుప్పు పట్టు చిట్లుతుంది, తర్వాత విప్పే వైపు తిప్పండి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, పూత ఎక్కడ చిన్నగా చిట్లినా దాని కింద ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు ఎప్పుడూ అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మర సందుల్లో చీల కొట్టినట్టు బిగుస్తుంది. దాన్ని నలగ్గొట్టాలి, అంతేగానీ దానితో కుస్తీ పట్టకూడదు.

రెండు వైపులా కదలకపోతే వేడి. ఇక్కడ హీట్ గన్, హెయిర్ డ్రయర్, లైటర్ ఏవీ వద్దు, అవి లోహం కంటే ముందు పాలిష్‌ని కాలుస్తాయి. సోల్డరింగ్ ఐరన్ తీసుకోండి. 25 వాట్లది చాలదు, స్టడ్ లావుపాటి లోహం కాబట్టి వేడంతా లాగేసుకుంటుంది. 60 వాట్లది, వెడల్పు మొన ఉన్నది మంచిది. మొనకి కాస్త సోల్డర్ పూసి స్టడ్ తల మధ్యలో ఆనించండి, వేడి బాగా పాకుతుంది. మరో చేతి వేలు స్టడ్ పక్కన పాలిష్ మీద పెట్టి ఉంచండి. వేలు కాలుతోంది అనిపించిన క్షణం ఐరన్ తీసేయాలి. మీ వేలికి ఓర్చుకోలేనంత వేడి పాలిష్‌కీ ఎక్కువే. పూర్తిగా చల్లారనివ్వండి. లోహం వేడికి సాగి చల్లారి ముడుచుకున్నప్పుడు తుప్పు అతుకు విడుతుంది. మళ్లీ బిగించే వైపు, ఆపై విప్పే వైపు. ఒకసారికి రాకపోతే మళ్లీ వేడి చేయండి. ఓపిక ఉన్నవాడికి ఎక్కువ సార్లు ఇక్కడే పని అయిపోతుంది.

అప్పటికీ మొండికేస్తే మాత్రమే నూనె. అదీ స్ప్రే కాదు. పెనెట్రేటింగ్ ఆయిల్‌ని (సందుల్లోకి దిగే పలచటి నూనెని) ఒక మూతలోకి పోసి, కుట్టు సూది మొనతో ఒకే ఒక్క చుక్క స్టడ్‌కీ బుషింగ్‌కీ మధ్య ఉన్న గీతలో పెట్టండి. ఒలికింది వెంటనే తుడిచేయండి. ఒక రాత్రి వదిలేయండి.

తిప్పేటప్పుడు కళ్లు స్క్రూడ్రైవర్ మీద కాదు, బుషింగ్ అంచు మీద ఉండాలి. స్టడ్‌తో పాటు బుషింగ్ కూడా తిరుగుతోందేమో చూడాలి. బుషింగ్ పక్కలకి చెక్కని పట్టుకోవడానికి గాట్లు ఉంటాయి. అది తిరిగితే చెక్కని లోపల గీరేస్తుంది, పైన పాలిష్ చుట్టూ గుండ్రంగా బీటలు వారుతుంది. అలాంటి బీట కనపడితే వెంటనే ఆపండి. ఇక ఆ స్టడ్‌నీ బుషింగ్‌నీ ఒకే ముక్క అనుకుని కలిపే బయటికి లాగాలి. ఎలాగో కింద చెబుతాను.

స్టడ్ వచ్చేసిందనుకుందాం. ఇప్పుడు బుషింగ్. ఎక్కువ గిటార్లు పెచ్చులూడేది ఇక్కడే, ఎందుకంటే జనం సుత్తి వెనకభాగంతో ఎత్తుతారు.

కొత్త కట్టర్ బ్లేడు, నిజంగా కొత్తది, విరిచి తీసిన తాజా మొన. బుషింగ్ అంచు చుట్టూ పాలిష్ ఎక్కడ లోహాన్ని తాకుతుందో ఆ గీతలో బ్లేడు మొన పెట్టండి. మొన కొంచెం లోహం వైపు వాలి ఉండాలి, అప్పుడు జారినా లోహం మీదకే జారుతుంది. ఒత్తకండి. బ్లేడు బరువుతోనే ఒక చుట్టు, మళ్లీ ఒక చుట్టు, ఇలా చాలాసార్లు. మొదట ఏమీ తెలియదు. కాసేపటికి సన్నటి తెల్లని పొడి వస్తుంది, ఆ తర్వాత బ్లేడు కిందకి దిగి చెక్కని తాకినట్టు మెత్తగా అనిపిస్తుంది. అక్కడితో చాలు. ఏసీ గదిలో చల్లగా ఉన్న గిటార్ మీద ఈ పని చేయకండి, చల్లటి పాలిష్ ఇంకా పెళుసుగా ఉంటుంది. గది వాతావరణానికి వచ్చాక చేయండి. తర్వాత బుషింగ్ లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి ఇందాక చెప్పినట్టే, పక్కన వేలు పెట్టి, కొద్దిగా వేడెక్కించండి. లోపల ఎవరైనా జిగురు పూసి ఉంటే అది కూడా మెత్తబడుతుంది.

ఇక బయటికి రప్పించడం. దీనికి మర చేసే పని కంటే మంచి పనిముట్టు లేదు. బుషింగ్ అడుగున చిన్న ఇనుప ముక్క వేసి, పైనుంచి బోల్టు బిగిస్తే, బోల్టు ఆ ముక్క మీద ఆగిపోతుంది. ఇంకా బిగించే కొద్దీ బుషింగే బోల్టు మీదుగా పైకి పాకుతుంది. బలమంతా బుషింగ్ నడిమధ్య నుంచి నిట్టనిలువుగా వస్తుంది. పైన పాలిష్ మీద ఏ పనిముట్టూ ఆనదు.

ఈ పని చేసే ముందు బుషింగ్ అడుగు తెరిచి ఉందా మూసి ఉందా అని చూడండి. టార్చి వేసి చూస్తే తెలుస్తుంది, లేదా సన్నటి స్క్రూడ్రైవర్ లోపలికి దించి తట్టండి. టిక్కుమంటే లోహం, మెత్తగా మొద్దుగా వినపడితే చెక్క. చెక్క అయితే ఈ పద్ధతి పనిచేస్తుంది. లోహం అయితే బుషింగ్ అడుగు మూసి ఉన్నట్టు, బోల్టు తన అడుగునే తాను తోసుకుంటుంది, ఏమీ కదలదు.

ఇనుప ముక్కగా 6 మిల్లీమీటర్ల కడ్డీని పొట్టిగా కోసి, రెండు చివరలూ ఆకురాయితో చదును చేసి వాడండి. 8 మిల్లీమీటర్ల మర లోపలి ఖాళీ 6.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి 6 సులువుగా దిగుతుంది. సన్నటి మేకు ముక్క వేస్తే అది చెక్కలోకి గుచ్చుకుపోతుంది తప్ప బుషింగ్ లేవదు. బోల్టుగా పాత స్టడ్‌నే వాడొచ్చు గానీ షట్కోణం తల ఉన్న బోల్టు అయితే పానాతో తిప్పొచ్చు, జారే భయం ఉండదు.

ఒక్క జాగ్రత్త. మర కొలత సరిపోవాలి. ఆసియా గిటార్లలో సాధారణంగా ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మర, చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది. గిబ్సన్ పద్ధతిలో అంగుళంలో 5/16 వంతు, అంగుళానికి 24 చుట్లు. అంటే 7.94 మిల్లీమీటర్లు, చుట్టుకి 1.06. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి పెడితే ఒకటి రెండు చుట్లు హాయిగా దిగి అక్కడ కరుచుకుపోతుంది. మీ కొత్త స్టడ్‌లు పట్టకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. పాత స్టడ్ మరల మీద మీ కొత్త స్టడ్‌ని పక్కపక్కన ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చోకపోతే మర వేరు. అలా అయితే బుషింగులు తీయకుండానే పాత మరకి సరిపోయే స్టడ్‌లు కొనుక్కుంటే సగం పని తప్పుతుంది. టెయిల్‌పీస్ మార్చడానికి బుషింగ్ తీసి తీరాలన్న రూల్ లేదు.

తీయక తప్పదు అనుకుంటే, బోల్టు మరకి కాస్త గ్రీజు రాసి చేత్తో దించండి. అడుగు తగిలాక పానాతో పావు చుట్టు. ఆగి చూడండి. మరో పావు. ఎక్కడో ఒక చోట చిన్నగా టక్కుమని చప్పుడు వస్తుంది, కంగారు పడకండి, చెక్క పట్టు వదిలిన చప్పుడది. బుషింగ్ అంచు కింద వెంట్రుకంత నల్లటి నీడ కనిపిస్తుంది. అప్పుడు చుట్టూ వంగి చూడండి, ఎక్కడైనా పాలిష్ అంచుతో పాటు లేస్తోందా అని. లేస్తుంటే బోల్టు వెనక్కి తిప్పి, ఆ చోట మళ్లీ బ్లేడు పెట్టండి. లేవకపోతే సాగండి. బోల్టు పొడవు చాలకపోతే విప్పి ఇంకో ఇనుప ముక్క వేసి మళ్లీ బిగించండి. ఈ పనిలో తొందరపడ్డ ప్రతి పావు చుట్టుకీ తర్వాత పాలిష్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

కంట్రోల్ క్యావిటీ వైపు ఉన్న టెయిల్‌పీస్ బుషింగ్ వెనక సాధారణంగా ఒక సన్నటి తీగ ఉంటుంది. అది గ్రౌండ్ వైరు, చెక్కకీ బుషింగ్‌కీ మధ్య నొక్కుకుని ఉంటుంది. బుషింగ్‌తో పాటు అది కూడా కదిలి రావచ్చు, తెగనీయకండి. వెనక మూత తీసి ముందే చూసుకుంటే ఎటు వెళ్తోందో తెలుస్తుంది. కొత్త బుషింగ్ దించేటప్పుడు ఆ వైరు కొన మళ్లీ దానికి తగిలేలా ఉండాలి. లేకపోతే ఆంప్‌లో హమ్ (గుయ్‌మనే మోత) మొదలవుతుంది, అప్పుడు మీరు పికప్‌లని అనుమానిస్తారు. మల్టీమీటర్ ఒక కొన టెయిల్‌పీస్ మీద, ఇంకోటి కేబుల్ గుచ్చే జాక్ బయటి భాగం మీద పెడితే బీప్ రావాలి.

బుషింగ్ అడుగు మూసి ఉంటే, లేదా స్టడ్ బుషింగ్ కలిసిపోయి ఉంటే, పైనుంచి లాగాలి. దీనికి బైకు టూల్ కిట్‌లో ఉండే స్పార్క్ ప్లగ్ పానా భలే పనికొస్తుంది. అది గొట్టంలా ఉంటుంది, లోపలి వెడల్పు బుషింగ్ అంచు కంటే ఎక్కువ ఉండాలి. గిటార్ మీద మెత్తటి తోలు ముక్క, దాని మీద బుషింగ్ పట్టేంత కన్నం పెట్టిన ప్లైవుడ్ ముక్క, దాని మీద ఈ గొట్టం నిలబెట్టండి. పొడవు బోల్టుకి నట్టు, వాషర్ ఎక్కించి గొట్టం గుండా బుషింగ్‌లోకి దించండి. బోల్టు కదలకుండా పట్టుకుని నట్టు బిగిస్తే బుషింగ్ గొట్టంలోకి లేచి వస్తుంది. ఒత్తిడి ప్లైవుడ్ అంతటా పరుచుకుంటుంది కాబట్టి పాలిష్ మీద నొక్కు పడదు. ప్లైవుడ్ కన్నం మాత్రం బుషింగ్ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మించి పెద్దది కాకూడదు, లేదంటే పెచ్చు లేవడానికి చోటిచ్చినట్టే. లెస్ పాల్ పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది కనక ప్లైవుడ్ ఊగకుండా ఒక పక్కన తోలు ఇంకో మడత వేయండి.

స్టడ్ కలిసిపోయిన కేసులో బోల్టు దిగదు. స్టడ్ మెడలో టెయిల్‌పీస్ కూర్చునే గాడి ఉంటుంది కదా, ఆ గాడిలో పట్టేలా యూ ఆకారం కోసిన మందపాటి ఇనుప పట్టీ కావాలి. పట్టీ రెండు చివరలా మర వేసిన కన్నాలు, వాటిలో రెండు బోల్టులు. బోల్టుల కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టి రెండింటినీ కాస్త కాస్త సమానంగా బిగిస్తే పట్టీ స్టడ్‌ని ఎత్తుకుని పైకి వస్తుంది. లేత్ పని చేసే ఏ షాపులోనైనా బొమ్మ గీసి చూపిస్తే చేసిస్తారు.

బ్రిడ్జ్ స్టడ్‌లకి కూడా ఇదే పద్ధతి. కాకపోతే అవి సన్నగా ఉంటాయి, కొన్నిటిలో 4 మిల్లీమీటర్ల మర, అప్పుడు ఇనుప ముక్క 3 మిల్లీమీటర్లది. పాత గిబ్సన్ ఏబీఆర్-1 బ్రిడ్జ్ అయితే అసలు బుషింగే ఉండదు, సన్నటి మర కడ్డీ నేరుగా చెక్కలోకి దిగి ఉంటుంది. దానికి రెండు నట్టులు ఒకదానికొకటి ఎదురు బిగించి, కింది నట్టుని పానాతో విప్పే వైపు తిప్పితే కడ్డీ మొత్తం వచ్చేస్తుంది. దాన్ని ప్లయర్‌తో పట్టుకుంటే మరలు పాడవుతాయి.

నాబ్ సులువే. ముందు పక్కన చిన్న స్క్రూ ఉందేమో వేలితో తడిమి చూడండి. లోహపు నాబ్‌లకి సాధారణంగా ఉంటుంది. సన్నటి అలెన్ కీ లేదా చిన్న స్క్రూడ్రైవర్‌తో వదులు చేయాలి. స్క్రూ ఉందని తెలియక లాగి లోపలి కడ్డీ (షాఫ్ట్) విరగ్గొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ప్లాస్టిక్ నాబ్ అయితే పైనుంచి నొక్కి బిగించినది. పాత కాటన్ పంచె పీలిక గానీ షూ లేస్ గానీ నాబ్ అడుగున చుట్టూ వేసి, రెండు కొనలూ కలిపి నిటారుగా పైకి లాగండి. పీలిక సందులో దూరకపోతే ముందు పాత ఏటీఎం కార్డు అంచుతో దారి చేయండి. రెండు చెంచాలతో ఎత్తమని వీడియోల్లో చూపిస్తారు. చెంచా వెనకభాగం ఉబ్బెత్తు పాలిష్ మీద ఒక్క చోటే ఆనుతుంది, అక్కడ సొట్ట పడుతుంది. చెంచా వాడి తీరాల్సి వస్తే దాని కింద కార్డు పెట్టండి. నాబ్‌ని చివరిదాకా తిప్పి ఇంకా మెలిపెట్టకండి, లోపలి పాట్ (నాబ్ తిప్పే వాల్యూమ్ కంట్రోల్) పోతుంది. చవక పాట్‌లలో షాఫ్టే ఊడి వచ్చేస్తుంటుంది, అలా వస్తే పాట్ మార్చుకోవడమే, పెద్ద ఖర్చు కాదు. పాట్ నట్టుకి మాత్రం గొట్టం పానా వాడండి, చిన్న పాట్‌లకి 10 మిల్లీమీటర్లు, సీటీఎస్ కంపెనీవి లాంటి పెద్దవాటికి అర అంగుళం. మామూలు పానా జారితే పాలిష్ మీద గుండ్రటి గీత మిగులుతుంది.

మెషిన్ హెడ్స్‌లో రెండు రకాలు. ముందువైపు షట్కోణపు నట్టు ఉంటే అది మర రకం, ఎక్కువగా 10 మిల్లీమీటర్ల బాక్స్ పానా పడుతుంది. నట్టు కింద వాషర్ పాలిష్‌కి అంటుకుని ఉంటే బ్లేడుతో గీత, తర్వాత కార్డు అంచు. నున్నటి గుండ్రటి బుషింగ్ ఉంటే అది నొక్కి దించినది. దాని చుట్టూ కూడా బ్లేడు తిప్పి, కాస్త వేడి చేసి, వెనకవైపు నుంచి రంధ్రంలో సరిగ్గా పట్టే చెక్క కడ్డీతో ముందువైపుకి తోయండి. హెడ్‌స్టాక్ (మెషిన్ హెడ్స్ ఉండే గిటార్ తల) ముందు భాగం కింద మెత్తటి గుడ్డ చుట్ట ఉండాలి, బుషింగ్ దిగే చోట ఖాళీ ఉండాలి. వెనక మెషిన్ హెడ్ పాలిష్‌కి అతుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్ మొన సందులో దూర్చకండి. ముందువైపు నుంచి దాని కడ్డీని బొటనవేలితో నొక్కండి, ఊడి వస్తుంది.

వెనక ఉన్న ఆ బుల్లి స్క్రూలు మాత్రం నమ్మదగినవి కావు. తుప్పు పట్టిన సన్నటి స్క్రూ తల ఇట్టే తెగిపోతుంది. ప్రతి స్క్రూ తల మీదా ముందు సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనించి, చల్లారాక, కాస్త బిగించి, అప్పుడు విప్పండి. జపాన్ తయారీ గిటార్ అయితే స్క్రూల గాడి వేరేగా ఉంటుంది, మామూలు ఫిలిప్స్ మొన పైకి జారి గాడిని గుండ్రం చేసేస్తుంది. దానికి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) మొన దొరుకుతుంది.

అయినా తల తెగితే, చెక్క మీద కొంచెం ముక్క మిగిలి ఉంటే నోస్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పండి. పూర్తిగా లోపలే ఉంటే స్క్రూ కంటే కాస్త లావుగా ఉన్న స్ప్రింగ్ పిన్, అంటే చీలిక ఉన్న ఉక్కు గొట్టం, తీసుకుని దాని అంచున ఆకురాయితో పళ్లు చేయండి. డ్రిల్‌లో పెట్టి వెనక్కి తిరిగేలా నెమ్మదిగా దించితే స్క్రూ చుట్టూ చెక్కని కోసుకుంటూ వెళ్తుంది, ముక్క గొట్టంలో ఇరుక్కుని వస్తుంది. మిగిలిన కన్నంలో ఫెవికాల్ పూసిన టేకు పుల్ల దించి, ఆరాక సమంగా కోసి, కొత్త కన్నం వేసుకోవాలి. ఇదంతా మెషిన్ హెడ్ కిందే దాగిపోతుంది. కొత్త స్క్రూకి కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు రుద్దకండి, అది తేమ లాగి మళ్లీ తుప్పు పట్టిస్తుంది, మీ ఊళ్లో మరీను.

నట్‌కి ఎలాగూ పాతది అక్కర్లేదంటున్నారు కాబట్టి దాన్ని బతికించాలని చూడకండి. నాలుగు వైపులా పాలిష్ గీత కోసి, సన్నటి రంపంతో నట్ పొడవునా మధ్యలో అడుగుకి కాస్త పైదాకా కోయండి. తర్వాత ప్లయర్‌తో రెండు సగాలనీ లోపలికి నొక్కితే అది తనలో తానే కూలిపోయి ఊడి వస్తుంది, అంచుల మీద ఒత్తిడే పడదు. పక్కకి లాగడం, హెడ్‌స్టాక్ వైపు గట్టిగా కొట్టడం చేస్తే నట్ ముందున్న పలచటి పైపొర చిట్లుతుంది.

ఇంత చేసినా ఎక్కడైనా పెచ్చు లేచిందంటే ఆ పెచ్చుని పారేయకండి, నేల మీద పడితే వెతికి పట్టుకోండి. పాలీ అయితే పలచటి సూపర్ గ్లూ సూది మొనతో ఒక చుక్క పెట్టి, పెచ్చుని అదే చోట కూర్చోబెట్టి, మైనం పూత కాగితంతో నొక్కి పట్టుకోండి. నల్ల రంగు మీద అతుకు దాదాపు కనిపించదు. కొత్త బుషింగ్ అంచు పాతదాని కంటే వెడల్పుగా ఉంటే చిన్న పెచ్చులు దాని కిందే పోతాయి. కొత్తది కొనేటప్పుడు అంచు వెడల్పు కూడా చూసి కొనండి, అలాగే చెక్కలో దిగే భాగం వ్యాసం పాతదానితో వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి పోల్చండి. పాతదాని కంటే అది లావుగా ఉంటే సుత్తితో దించకండి, చెక్క చీలుతుంది. వడ్రంగి దగ్గర రంధ్రం నిలువుగా వెడల్పు చేయించి, అప్పుడు దించండి.

ముందు ఆ పాత స్టడ్ మర కొలిచి చూడండి. కొత్తదాని మర వేరని తేలితే పాత మరకి సరిపోయే స్టడ్‌లు కొనుక్కోండి, బుషింగుల జోలికి వెళ్లకుండానే మీ పని అయిపోవచ్చు.